గుడ్డ, గాలి, గొంతు: ఇళ్ళల్లో హెడ్‌ఫోన్లను సరిచేసుకున్న చరిత్ర

హెడ్‌ఫోన్‌ను విప్పి చూస్తే లోపల ఉండేది చాలా కొంచెం. ఒక చిన్న అయస్కాంతం, దాని ముందు ఉల్లిపొరలాంటి పలచని పొర, ఆ పొరకు అంటుకుని వెంట్రుకంత సన్నని తీగ చుట్ట. యంత్రం అంతే. మిగతాదంతా గాలి, ఆ గాలిని ఆపడానికో వదలడానికో పెట్టిన గుడ్డ. చిల్లుల మీద అతికించిన ఫెల్టు ముక్క, డొప్పలో కుక్కిన దూది, చెవికి ఆనే చోట స్పాంజి, దాని మీద పలచటి జాలి బట్ట.

మేము షోలాపూర్‌లో స్థిరపడ్డ పద్మశాలీలం. మా ముత్తాతల కాలంలో కరీంనగర్ వైపు నుంచి మగ్గం పని వెతుక్కుంటూ ఇటు వచ్చాం. ఇంతకుముందు ఇక్కడ మగ్గాల గురించి, మార్కండేయ రథం గురించి, పెళ్ళి పాటల గురించి రాసుకున్నాం. ఈసారి హెడ్‌ఫోన్లేంటి అని మీరు అడగొచ్చు. మా ఇంట్లో పాత క్యాసెట్లలో ఉన్న పెద్దల మాటలు తెలుసుకోవడానికి మేమే హెడ్‌ఫోన్లు విప్పి మార్చుకోవాల్సి వచ్చింది. ఆ పని చేస్తూ దాని చరిత్ర చదివాం. ఇదేదో ఈ మధ్య కుర్రాళ్ళు కనిపెట్టిన సరదా కాదని తెలిసింది. హెడ్‌ఫోన్ పుట్టిందే ఒక ఇంటి వంటగదిలో. దాన్ని మెరుగుపరిచింది కూడా చాలా వరకు ఇళ్ళల్లోనే. ముందు ఆ కథ చెప్పుకుని, తర్వాత మా పేటల్లోకి వద్దాం.

వంటింటి బల్ల మీద పుట్టిన పనిముట్టు

1876లో గ్రాహంబెల్ టెలిఫోన్ వచ్చింది. చెవికి ఆనించుకునే ముక్క అప్పుడే పుట్టింది. కానీ అది చేత్తో పట్టుకునేది, ఒక చెవికి మాత్రమే. 1881లో పారిస్‌లో జరిగిన విద్యుత్ ప్రదర్శనలో క్లెమాన్ అదేర్ అనే ఇంజనీరు ఒపేరా నాటకశాల నుంచి తీగలు లాగి, జనానికి చెవికొకటి చొప్పున రెండు రిసీవర్లు ఇచ్చాడు. వేదిక మీద గాయకుడు ఎడమ నుంచి కుడికి నడుస్తుంటే వినేవాళ్ళకు ఆ నడక తెలిసిందట. రెండు చెవులతో వినడంలో ఉన్న సుఖం లోకానికి అప్పుడు తెలిసింది.

తలకు పెట్టుకుని పనిచేసుకోగలిగే హెడ్‌ఫోన్ కథ మాత్రం అమెరికాలో, యూటా రాష్ట్రంలో మొదలైంది. నథానియేల్ బాల్డ్విన్ అనే ఆయన 1910లో తన వంటగదిలో ఒక జత తయారు చేసి అమెరికా నౌకాదళానికి పంపాడు. వాళ్ళు పరీక్షిస్తే, అప్పటిదాకా తాము వాడుతున్న వాటికన్నా చాలా బాగా వినిపించాయి. వెంటనే వంద జతలు కావాలన్నారు. ఆయన మాత్రం, వంటగదిలో చేస్తున్నాను, ఒక్కసారికి పది మాత్రమే పంపగలను అన్నాడు. ఆ రోజుల్లో వచ్చే సంకేతమే చాలా బలహీనం, దాన్ని పెంచే సాధనం లేదు. ఆయన వేల చుట్ల సన్నని తీగతో, పొరను రెండు వైపులా సమంగా లాగే అమరికతో ఆ బలహీనతనే గట్టిగా వినిపించేటట్టు చేశాడు.

ఇది చదివినప్పుడు మాకు గుంటమగ్గాలు గుర్తుకొచ్చాయి. మన ఇళ్ళల్లో కూడా వంటకూ మగ్గానికీ మధ్య గోడ ఉండేది కాదు కదా. ఇంటి పని, వృత్తి పని ఒకే కప్పు కింద నడిచేవి. బాల్డ్విన్ వంటగది మనకు అర్థం కాని చోటేమీ కాదు.

రాయి, తీగ, గిన్నె

1920లలో రేడియో ప్రసారాలు మొదలయ్యాక హెడ్‌ఫోన్ సామాన్యుల ఇళ్ళల్లోకి వచ్చింది. అప్పటి చవక రేడియోకు కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. గలీనా అనే సీసపు ఖనిజం ముక్క మీద సన్నని తీగ మొనను ఆనించి, తంటాలు పడి సరైన చోటు వెతికితే స్టేషన్ పలికేది. ఇలాంటి ఖనిజంతో తరంగాలను పట్టే పరికరానికి మన జగదీశ్ చంద్ర బోస్ 1901లో దరఖాస్తు పెట్టగా, 1904లో అమెరికా పేటెంటు వచ్చింది. ఆ రాయి మీద పలికే శబ్దం చీమ నడకంత సన్నం. అది స్పీకరును కదపలేదు, హెడ్‌ఫోన్‌ను మాత్రమే కదపగలదు. అందుకే ఆనాటి హెడ్‌ఫోన్లలో చాలా చుట్ల తీగతో దాదాపు 2000 ఓమ్‌ల నిరోధం ఉండేది. ఈనాటి మామూలు హెడ్‌ఫోన్‌లో 32 ఓమ్‌లే.

హెడ్‌ఫోన్ ఒక్కటి, ఇంట్లో మనుషులు అయిదుగురు. అప్పుడేం చేసేవాళ్ళు? దాన్ని తీసి ఒక గాజు గిన్నెలోనో పింగాణీ గిన్నెలోనో పెట్టేవాళ్ళు. గిన్నె గోడలకు తగిలి శబ్దం ఒక దిక్కుగా పైకి వచ్చేది, చుట్టూ కూచున్నవాళ్ళు తలలు దగ్గరికి పెట్టి వినేవాళ్ళు. కొందరు రెండు డొప్పల్నీ విడదీసి చెరొకటి పంచుకునేవాళ్ళు. ఇంట్లో ఉన్న వస్తువుతో హెడ్‌ఫోన్ ధ్వనిని మార్చిన మొదటి పద్ధతుల్లో ఆ గిన్నె ఒకటి. దానికి ఎవరూ పేటెంటు తీసుకోలేదు, ఎవరూ నేర్పలేదు. అయినా దేశదేశాల్లో ఇళ్ళల్లో అదే పని చేశారు. ఈ రోజు పిల్లలు ఫోన్‌ను స్టీలు గ్లాసులో పెట్టి పాటలు వినడం చూస్తే అదే తెలివి అనిపిస్తుంది.

మన దేశంలో 1924లో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ప్రసారాలు మొదలుపెట్టింది. డబ్బు చాలక 1927లో ఆగిపోయింది. అదే సంవత్సరం జూలై 23న బొంబాయిలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ స్టేషన్ పెట్టింది. 1930 నుంచి మద్రాసు కార్పొరేషన్ తన ప్రసారాలు నడిపింది. 1938లో మద్రాసులో ఆలిండియా రేడియో స్టేషన్ వచ్చింది, 1948 డిసెంబరులో విజయవాడ స్టేషన్ వచ్చింది. హైదరాబాదులో నిజాం కాలపు దక్కన్ రేడియో 1950లో ఆలిండియా రేడియోలో కలిసింది. షోలాపూర్ తెలుగువాళ్ళకు ఈ చివరిదే ముఖ్యం. బొంబాయి మరాఠీ పలికేది, హైదరాబాదు మన మాట పలికేది.

గాలికి దారి

తర్వాతి యాభై ఏళ్ళలో హెడ్‌ఫోన్ ఆకారం మారింది. 1937లో జర్మనీలో బయర్ కంపెనీ డీటీ 48 తెచ్చింది. బిగుతైన ఇనుప రేకు బదులు, తీగ చుట్టతో కదిలే పొర అందులో ఉండేది. 1958లో అమెరికాలోని మిల్వాకీలో జాన్ కాస్ అనే జాజ్ సంగీతకారుడు స్టీరియో హెడ్‌ఫోన్లు తయారుచేశాడు. అప్పటిదాకా టెలిఫోన్ ఆపరేటర్లు, ఓడల్లో వైర్‌లెస్ వాళ్ళు పనికోసం పెట్టుకున్న వస్తువు అక్కడి నుంచి సంగీతం వినేవాళ్ళ వస్తువైంది.

1968లో వచ్చిన మార్పు మాకు చాలా ఇష్టం. ఆ ఏడు సెన్‌హైజర్ కంపెనీ హెచ్‌డీ 414 అనే మోడల్ తెచ్చింది. అప్పటిదాకా హెడ్‌ఫోన్ అంటే చెవిని పూర్తిగా మూసే డొప్ప. ఇది తెరిచిన డొప్ప. వెనుక భాగంలో గాలి ఆడే సందులు, చెవి మీద మెత్తని స్పాంజి. డొప్ప మూసి ఉంటే పొర వెనక్కి తోసిన గాలి గోడకు కొట్టుకుని తిరిగొస్తుంది. బావిలో మాట్లాడినట్టు ఒక డొల్ల మోత కలుస్తుంది. వెనక తెరిస్తే ఆ గాలి బయటికి పోతుంది, గొంతు విడిగా, తేటగా వినిపిస్తుంది. ఆ మోడల్ కోటికి పైగా అమ్ముడుపోయింది. 1979 జూలైలో సోనీ వాక్‌మన్‌తో వచ్చిన హెడ్‌ఫోన్ కూడా ఈ దారిలోదే. స్పాంజి గుండ్రాలతో యాభై గ్రాముల లోపు బరువు.

ఇక్కడే గుడ్డ పని వస్తుంది. పూర్తిగా మూస్తే మోత, పూర్తిగా తెరిస్తే కింది స్వరాలు జారిపోతాయి. మధ్యలో ఎక్కడ ఆపాలో గుడ్డే చెబుతుంది. చిల్లు మీద వేసిన బట్టలో పోగులు ఎంత దగ్గరగా ఉంటే గాలికి అంత అడ్డు. నేతగాళ్ళకు దీన్ని ఇంకొకరు చెప్పాలా? అంగుళానికి ఎన్ని పోగులు, నూలు ఎంత సన్నం, పడుగు పేక ఎంత బిగువు అన్నదాన్ని బట్టి ఏ బట్ట గాలి ఆడుతుందో, ఏది ఉడికిస్తుందో చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది మనకి. ధ్వని ఇంజనీర్లు దాన్నే గాలి నిరోధం అని కొలుస్తారు. మల్‌మల్ గుడ్డకూ, దుప్పటికీ, ఫెల్టుకూ ఉన్న తేడానే హెడ్‌ఫోన్‌లో స్వరాల తేడాగా వినిపిస్తుంది.

నాణెమంత రంధ్రం

కంపెనీలు చేసిన గుడ్డ పని నచ్చనివాళ్ళు దాన్ని విప్పి తమ చేత్తో మార్చుకున్నారు. దీనికి కొన్ని ప్రసిద్ధమైన ఉదాహరణలు ఉన్నాయి.

అమెరికాలో గ్రాడో అనే కంపెనీ హెడ్‌ఫోన్లు వాడేవాళ్ళు వాటి స్పాంజి తీసేసి, ఇందాక చెప్పిన హెచ్‌డీ 414 స్పాంజి తొడిగేవాళ్ళు. మెత్తగా ఉంటుంది, కానీ మొత్తం కప్పేస్తే పై స్వరాలు మసకబారతాయి. అందుకని వాళ్ళ పావు డాలరు నాణెం పెట్టి, గీత గీసి, స్పాంజి మధ్యలో అంత రంధ్రం కత్తిరించేవాళ్ళు. కొలబద్ద అక్కర్లేదు, జేబులో నాణెం చాలు.

ఇంకొకటి జపాన్ కంపెనీ ఫోస్టెక్స్ స్టూడియోల కోసం చేసిన టీ50ఆర్‌పీ. అందులో తీగ చుట్ట ఉండదు. పొర మీదనే లోహపు గీతలు అచ్చేసి ఉంటాయి, రెండు వైపులా అయస్కాంతాలు ఉంటాయి. లోపలి యంత్రం మంచిది, డొప్ప మామూలు ప్లాస్టిక్. ఇది చూసి ఎంతోమంది ఇళ్ళల్లో విప్పారు. ప్లాస్టిక్ వణకకుండా పిల్లలు బొమ్మలు చేసుకునే మట్టి మెత్తారు. ప్రతిధ్వని ఆగడానికి దూది పెట్టారు. చిల్లుల మీద ఫెల్టు వేశారు, కుషన్లు మార్చారు. ఈ పనిలో చెయ్యి తిరిగినవాళ్ళు కొందరు స్నేహితులకు చేసిపెట్టారు, తర్వాత అమ్మారు. మిస్టర్ స్పీకర్స్, జెడ్ఎంఎఫ్ అనే పేర్లు అలా పుట్టినవే. టీ50ఆర్‌పీని మార్చి అమ్మడంతో మొదలై, చివరికి సొంతంగా హెడ్‌ఫోన్లు తయారుచేసే కంపెనీలయ్యాయి. వందేళ్ళ తర్వాత కూడా దారి బాల్డ్విన్ వేసిందే. ముందు ఇంటి బల్ల, తర్వాత కార్ఖానా.

వీళ్ళందరూ చేసినవి చూస్తే మూడే సూత్రాలు. ప్లాస్టిక్ వణుకు ఆపడానికి బరువు చేర్చడం. డొప్పలో తిరిగే మోతను దూదీ గుడ్డా పెట్టి తాగించడం. గాలి వచ్చిపోయే దారిని వెడల్పు చేయడమో, ఇరుకు చేయడమో. అయితే ఏది ఎంత అన్నదానికి లెక్క ఒకటి కాదు. ఎవరికి ఏం వినాలని ఉందో దాన్ని బట్టి మారుతుంది. డప్పు దెబ్బ గుండెకు తగలాలనేవాళ్ళు ఒక రకంగా మారుస్తారు. వీణ తీగ మీటు తెలియాలనేవాళ్ళు ఇంకో రకంగా మారుస్తారు.

మా పేటల్లో చెవి సంగతి

మా పేటల్లో వినాలనుకున్నది సంగీతం కన్నా ముందు మాట. దానికి అడ్డం మగ్గమే.

చేతిమగ్గం చప్పుడుకు ఒక లయ ఉండేది, దాని మీద పాట కట్టొచ్చు. మరమగ్గం అలా కాదు. నిమిషానికి వంద దెబ్బలకు పైనే. అలాంటివి ఒకే షెడ్డులో పది, ఇరవై. మరమగ్గాల షెడ్డులో చప్పుడు సుమారు 95 నుంచి 100 డెసిబెల్స్ ఉంటుంది. ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ మించకూడదని మన దేశపు కార్ఖానా నియమాలు చెప్తాయి, 85 దాటితేనే చెవికి ముప్పని వైద్యులు చెప్తారు. ఇలాంటి చప్పుడులో ఏళ్ళ తరబడి పనిచేస్తే చెవి ఒకేసారి మూసుకుపోదు. ముందు 4000 హెర్ట్జ్ దగ్గర వినికిడి తగ్గుతుంది. అది మాటల్లోని హల్లులు పలికే చోటు.

తెలుగులో అచ్చులు కింది స్వరాల్లో గట్టిగా ఉంటాయి, అవి పోవు. పోయేది హల్లు. పట్టు, తట్టు, కట్టు అనే మాటల్లో తేడా అంతా మొదటి హల్లులో, సెకనులో వందో వంతులో వచ్చే చిన్న చిట్లింపులో ఉంటుంది. అది వినిపించకపోతే మనిషికి మాట వినిపిస్తుంది కానీ ఏ మాటో తెలియదు. మా పేటల్లో పెద్దవాళ్ళు "వినొస్తుంది గానీ తెలుస్తలేదు" అనేది దీన్నే. ఇంగ్లండులో లాంకషైర్ మిల్లుల్లో నేత ఆడవాళ్ళు చప్పుడులో మాట వినపడక, పెదవుల కదలికతో మాట్లాడుకునే పద్ధతి ఒకటి పెంచుకున్నారు. మన దగ్గర కూడా షెడ్డులో చేతి సైగలే భాష. పుర్రు తెగింది, కండె అయిపోయింది, చాయ్ వచ్చింది, అన్నీ చేత్తోనే.

అందుకే రాత్రి మగ్గాలు ఆగాక రేడియో. మీడియం వేవ్ తరంగాలు రాత్రిపూట పై ఆకాశపు పొరకు తగిలి దూరం పోతాయి. మూడు వందల కిలోమీటర్ల అవతల ఉన్న హైదరాబాదు 738 కిలోహెర్ట్జ్ మీద పలికేది. రేడియోకు పోస్టాఫీసులో లైసెన్సు కట్టే రోజులవి. మా తాత రేడియో పక్కన చెవిలో పెట్టుకునే ఒంటి గొట్టం ఒకటి ఉండేది. దాని చివర రబ్బరు పోతే మా నాయినమ్మ నూలు చుట్టి పెట్టేది. చెవికి బిగుతుగా కూచుంటే బయటి చప్పుడు లోపలికి రాదు, లోపలి మాట బయటికి పోదు. అది కూడా హెడ్‌ఫోన్ మార్చుకోవడమే. అప్పుడు ఆ మాట మాకు తెలియదంతే.

క్యాసెట్లో ఊరి పేరు

ఇప్పుడు అసలు సంగతి. ఫిలిప్స్ కంపెనీ 1963లో క్యాసెట్ తెచ్చింది. 1980లలో మా ఇంటికి టేప్ రికార్డర్ వచ్చింది. అందరి ఇళ్ళల్లో లాగానే మా ఇంట్లోనూ పెద్దవాళ్ళతో మాట్లాడించి, పాడించి రికార్డు చేశారు. బతుకమ్మ పాటలు, ఎవరెవరి పెళ్ళి ఎప్పుడయింది, ముత్తాత ఎలా బయల్దేరాడు, దారిలో ఎక్కడ ఆగారు, ఇవన్నీ మా నాయినమ్మ గొంతులో ఉన్నాయి. ఆవిడ బయల్దేరిన ఊరి పేరు కూడా చెప్పింది. ఒక్కసారే చెప్పింది. చెప్పేటప్పుడు పక్క గదిలో మగ్గం నడుస్తోంది.

ఆ ఊరి పేరు ఇప్పుడు ఇంట్లో ఎవరికీ తెలియదు. "కరీంనగర్ జిల్లా" అనేది మాత్రం నిలిచింది. కాగితాలు లేవు. పేరు చివర "పల్లి" అని స్పష్టంగా వినిపిస్తుంది. ముందున్న రెండక్షరాలే తేలవు. ఒకరు కకారం అంటారు, ఒకరు తకారం అంటారు, మరాఠీ బడిలో చదివిన మా పిల్లలు ఇంకోటి అంటారు. కరీంనగర్ వైపు పల్లి అని ముగిసే ఊళ్ళు లెక్కలేనన్ని. కాబట్టి ఒక్క అక్షరం తేలడం అంటే మాకు చిన్న విషయం కాదు.

క్యాసెట్‌ను కంప్యూటర్లోకి ఎక్కించాం. బజారులో దొరికే మామూలు మూసిన హెడ్‌ఫోన్‌తో వింటే మగ్గం దెబ్బ గుండెల్లో మోగుతుంది, నాయినమ్మ దాని వెనకాల ఎక్కడో ఉంటుంది. ఈ రోజుల్లో చవక హెడ్‌ఫోన్లన్నీ సినిమా పాటల దరువు కోసం కింది స్వరాలు పెంచి చేస్తున్నారు. చెవికి ఒక గుణం ఉంది. కింది స్వరాల మోత గట్టిగా ఉంటే అది పైనున్న స్వరాలను కప్పేస్తుంది, పై స్వరాలు కింది వాటిని అంతగా కప్పలేవు. అంటే మగ్గం దెబ్బ ఆ హల్లును మింగేస్తోంది. లోకమంతా దరువు పెంచడానికి మార్పులు చేస్తే, మాకు కావాల్సింది దరువు తగ్గించే మార్పు.

చేసిందేమిటంటే, ముందు కుషన్లు ఊడదీసి, నాలుగు స్క్రూలు విప్పాం. ఖాళీ డొప్పలో శబ్దం తిరగకుండా లోపలి గోడకు షోలాపూర్ టర్కీ తువ్వాలు ముక్క అతికించాం. ఆ తువ్వాలు మీద లేచి ఉండే నూలు ఉచ్చులు చేసే పని ఇక్కడ ఫెల్టు చేసే పనే. దాని ముందు ఏకిన దూది పలచగా పరిచాం, గట్టిగా కూరలేదు. చెవి వైపు పొర ముందు ఉన్న మందపు స్పాంజి పై స్వరాలను తాగేస్తుంది. అది తీసేసి ఒక వరస మల్‌మల్ వేశాం. చివరగా, కుషన్ కింద అంచున అగ్గిపుల్లంత సందు వదిలాం. చెవికీ పొరకూ మధ్య ఉన్న గాలి ఎంత బిగుతుగా మూసి ఉంటే కింది స్వరాలు అంత బలంగా వస్తాయి. చిన్న సందు ఉంటే ముందు పోయేది అవే.

మొదట ఒక్క వైపే మార్చాం. రెండో వైపు కొన్నప్పటిలాగే ఉంచి, అదే ముక్కను అటూ ఇటూ మార్చి విన్నాం. చెవిని నమ్మడానికి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. గట్టిగా వినిపించేదే బాగుందని అనిపించడం మనిషి సహజం కాబట్టి, రెండు వైపులా శబ్దం ఒకే మట్టంలో ఉండేటట్టు చూసుకున్నాం. మార్చిన వైపు మగ్గం వెనక్కి జరిగింది, నాయినమ్మ ముందుకొచ్చింది. ఆవిడ ఊపిరి తీసుకోవడం, మధ్యలో వక్కపలుకు కొరకడం, ఎవరో చిన్నపిల్లను ఊరుకోమనడం, ఇన్నేళ్ళుగా ఆ టేపులో ఉన్నా మాకు వినిపించనివి వినిపించాయి.

ఊరి పేరు మొదటక్షరం తకారమే. ఇంట్లో అందరూ వేర్వేరుగా విని, ఒకరిది ఒకరు చూడకుండా కాగితం మీద రాశారు. ఒకటే వచ్చింది. రెండో అక్షరం మీద మాత్రం మగ్గం దెబ్బ సరిగ్గా పడింది. దాన్ని ఏ గుడ్డా తీయలేదు. టేపు మీద కలిసిపోయిన రెండు చప్పుళ్ళను హెడ్‌ఫోన్ విడదీయలేదు, ఒకదాన్ని కొంచెం తగ్గించి రెండోదానికి చోటిస్తుంది, అంతే. ఇప్పుడు తకారంతో మొదలై పల్లితో ముగిసే ఊళ్ళ జాబితా ఒకటి మా దగ్గర ఉంది. వందల నుంచి కొన్నింటికి వచ్చాం. వచ్చే దసరా సెలవుల్లో ఆ ఊళ్ళకు పోయి, మా ఇంటిపేరు వాళ్ళు ఉన్నారా అని అడగాలని అనుకుంటున్నాం.

మీ ఇళ్ళల్లో చేయాలనుకుంటే

ఫోన్లోనూ కంప్యూటర్లోనూ స్వరాలు తగ్గించే పెంచే సదుపాయం ఉంది కదా, ఇదంతా ఎందుకు అని మా పిల్లలే అడిగారు. అది కూడా వాడాలి, మేమూ వాడాం. కానీ డొప్పలో తిరిగే మోతను ఆ మీటలు పూర్తిగా ఆపలేవు. దానికి గుడ్డే కావాలి. రెండూ కలిస్తేనే ఫలితం.

చేసేటప్పుడు పొరను వేలితో ముట్టకూడదు, అది ఒక్కసారి నలిగితే మళ్ళీ రాదు. అయస్కాంతం ఇనుప రజనును లాక్కుంటుంది, కాబట్టి బల్ల శుభ్రంగా ఉండాలి. జిగురు కొద్దిగానే వాడాలి. ఒక్కో మార్పు చేసి విని, ఆ తర్వాతే రెండోది చేయాలి. ఖరీదైనది విప్పకండి, చవకదే విప్పండి.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. మగ్గాల మీద పనిచేసిన పెద్దవాళ్ళకు మాట తెలియట్లేదంటే హెడ్‌ఫోన్ సౌండు పెంచి పెట్టకండి. పోయిన చెవికి అది మందు కాదు, మిగిలినదాన్ని పాడు చేస్తుంది. చెవి డాక్టరు దగ్గర పరీక్ష చేయించండి. కొన్నిసార్లు అడ్డం ఉన్నది గుబిలి మాత్రమే కావచ్చు. కొన్నిసార్లు వినికిడి యంత్రం కావాలి.

క్యాసెట్లు ఆలస్యం చేస్తే ఉండవు. టేపు మీది పూత రాలిపోతుంది, బూజు పడుతుంది, ఆడించే యంత్రాలకు బెల్టులు దొరకవు. ముందు కాపీ చేయండి, తర్వాత తీరిగ్గా వినండి. వినేటప్పుడు పక్కన ఇంట్లో ఉన్నవాళ్ళలో పెద్దవాళ్ళను కూచోబెట్టుకోండి. యంత్రం ఎంత తేటగా వినిపించినా, "ఏకుడు", "కండె పట్టుడు" అన్న మాటలు పుట్టి బుద్ధెరిగి విననివాళ్ళకు అవి ఉట్టి చప్పుళ్ళే. ఆ మాట ఒకప్పుడు విన్న చెవి పక్కన ఉంటేనే ఆ చప్పుడు మాట అవుతుంది.

షోలాపూర్, భివండీ, బరంపురం, హోసూరు, యానాం, ఎక్కడున్నా మన ఇళ్ళల్లో ఇలాంటి టేపులు ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. వాటిలో మనం బయల్దేరిన చోట్ల పేర్లు ఉన్నాయి. దూదీ, మల్‌మల్ గుడ్డా, పాత తువ్వాలు, ఒక చిన్న స్క్రూడ్రైవరు, ఒక ఆదివారం మధ్యాహ్నం. ఖర్చు ఇంతే.